గోడవార గుత్తిపూలు

సోమవారం పొద్దున మొదటి గుత్తి విచ్చింది. మాలి గేటు గడియ తీసి లోపలికి వచ్చి, సైకిలు గోడకి ఆనించి, దాన్ని చూసి ఆగిపోయాడు. దోసిలి పట్టేంత గుత్తి. రేకులన్నీ గులాబీ రంగు. పక్కనున్న ఆరేడు గుత్తులు ఇంకా మొగ్గలో ఉన్నాయి. వేళ్ళతో విప్పి చూశాడు. అన్నింటిలోనూ అదే రంగు.

నిరుటిదాకా ఈ మొక్క నీలం పూసింది. దీన్ని పన్నెండేళ్ళ కింద డాక్టరమ్మ వాళ్ళ అమ్మగారు నాటించారు. గుంట తవ్వింది మాలే. డాక్టరమ్మ దీన్ని హైడ్రేంజియా అంటుంది. మాలి గుత్తిపూల మొక్క అంటాడు.

అతను గొంతుక్కూర్చుని చేతిపారతో మొదట్లో మట్టి గీకాడు. రెండు వేళ్ళ లోతులో పార టక్కుమంది. తెల్లబారిన సిమెంటు పెచ్చు. ఇంకో చోట గీకాడు. అక్కడా ఉంది. చలికాలంలో ఇంట్లోవాళ్ళు మూడు వారాలు ఊరికి వెళ్ళినప్పుడు ప్రహరీగోడకి కొత్త పూత వేయించారు. మేస్త్రీలు రోజూ సాయంత్రం తట్టలూ తాపీలూ ఇక్కడే కడిగారు. వద్దంటే, "నీళ్ళే కదయ్యా, మొక్కకి మంచిదే" అన్నారు.

డాక్టరమ్మ వరండా మెట్లు దిగి వచ్చింది. ఆవిడ పళ్ళ డాక్టరు. ఇంటి ముందు గదిలోనే క్లినిక్కు. తొమ్మిదింటికి మొదటి పేషెంటు వచ్చేలోపు పది నిమిషాలు తోటలో తిరగడం అలవాటు. మొక్క ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"ఇదేమిటి?" అంది.

"పూసిందమ్మా."

"రంగు అడుగుతున్నాను."

"గోడ పనప్పుడు సిమెంటు నీళ్ళు మొదట్లో పోశారమ్మా. సిమెంటులోని సున్నం తగిలితే ఈ మొక్కకి పువ్వు రంగు మారిపోతుంది."

"పువ్వేమన్నా చీరా, నీళ్ళు తగిలి రంగు దిగడానికి?"

"దిగడం కాదమ్మా. మట్టిని బట్టి పూస్తుంది. నేను చిన్నప్పుడు పనిచేసిన తోటలో గోడ పక్కనున్నవన్నీ గులాబీ పూసేవి, చెట్ల కిందవి నీలం పూసేవి. అన్నీ ఒక్క మొక్క కొమ్మలే."

ఆవిడ వంగి, రెండు వేళ్ళతో ఆకులు పక్కకి తీసి, కొమ్మ మొదలు దాకా చూసింది. నోట్లో పన్ను చూసేటప్పుడు తల పక్కకి వాల్చినట్టే వాల్చింది.

"మేం ఊళ్ళో లేనప్పుడు దీన్ని మోకాలెత్తుకి కొట్టేశావు."

"మేస్త్రీలు నిలబడ్డానికి కర్రలు పాతాలన్నారమ్మా. అడ్డమొస్తోందంటే కొట్టాను. మీరొచ్చాక చెప్పాను కదా."

"చెప్పావు. మేం వచ్చేసరికి ఒక్క ఆకు లేదు. మోళ్ళున్నాయి. ఆ మోళ్ళు ఏ మొక్కవో నాకేం తెలుసు?"

మాలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు. చేతిపార ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇదే అదమ్మా" అన్నాడు.

"అప్పుడు గేటు తాళం నీ దగ్గరే ఉంది. ఇంట్లో ఎవరూ లేరు." ఆవిడ గొంతు పెంచలేదు. "అమ్మేశావో, ఎవరికైనా ఇచ్చావో నాకు అక్కర్లేదు. నేనెవరికీ ఫిర్యాదు చెయ్యను. ఈ ఇంట్లో మా అమ్మది మిగిలింది ఆ మొక్కొక్కటే. తెచ్చిపెట్టు, చాలు."

"ఎక్కణ్ణుంచి తెమ్మంటారమ్మా? ఇక్కడే ఉంది కదా."

"ఆలోచించుకో. అప్పటిదాకా పనిలోకి రావద్దు. తాళం ఇక్కడ పెట్టి వెళ్ళు."

గేటు దగ్గర చెంప వాచిన మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ అతన్ని లోపలికి రమ్మని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

*

ఆ వీధిలో మాలికి నాలుగిళ్ళు. మంగళవారం జడ్జిగారిల్లు. జడ్జిగారు పని మానేసి తొమ్మిదేళ్ళయినా ఇంకా అందరికీ జడ్జిగారే. కంచె కత్తిరించడానికి నిచ్చెన వేసుకుంటుంటే ఆయన పేపరు మడిచి పిలిచాడు.

"డాక్టరమ్మ చెప్పింది."

"నేను తియ్యలేదండి. అది అదే మొక్క."

"ముప్పై ఏళ్ళు విన్నాను నాయనా. నా ముందు నిలబడ్డ ప్రతివాడూ తియ్యలేదనే అన్నాడు." ఆయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. "నువ్వు చేశావని నేననను. చెయ్యలేదనీ అనలేను. రుజువు లేదు. అటూ ఇటూ తేలనప్పుడు మనిషిని కొన్నాళ్ళు దూరంగా ఉంచడమే అందరికీ క్షేమం."

"కంచె సగం అయిందండి."

"సగమే ఉండనీ."

మాలి నిచ్చెన మడిచి షెడ్డులో పెట్టాడు. కత్తిరించిన రెమ్మలు ఊడ్చి గోతాంలోకి ఎత్తాడు. ఎవరూ ఊడ్వమనలేదు.

మధ్యాహ్నం ట్యూషన్ టీచరు ఇంటికి వెళ్ళాడు. ఆవిడ తలుపు జానెడు తెరిచింది. గొలుసు తియ్యలేదు.

"మావారు ఊళ్ళో లేరు. ఈ వారం వద్దులే" అంది.

మేడమీది కిటికీలో వాళ్ళాయన చెంపకి నురగ పట్టించుకుని గడ్డం గీసుకుంటున్నాడు. మాలిని చూసి అద్దం పట్టుకుని పక్కకి జరిగాడు.

"సరేనమ్మా, వచ్చాకే చెప్పండి" అన్నాడు మాలి.

నాలుగో ఇంటివాళ్ళు గేటుకి లోపల్నుంచి తాళం వేసుకున్నారు. లోపల రేడియో మోగుతోంది. మాలి రెండుసార్లు గంట నొక్కాడు. రేడియో ఆగిపోయింది. ఎవరూ రాలేదు.

*

బుధవారం నర్సరీకి వెళ్ళాడు. నర్సరీ ఆయన పచ్చ వల కింద స్టూలు మీద కూర్చుని కుండీల్లో మట్టి నింపిస్తున్నాడు. వల కింద గుత్తిపూల మొక్కలు రెండు వరసలుగా ఉన్నాయి. ఒక వరస ముందు 'నీలం రకం' అని బోర్డు. రెండో వరస ముందు 'గులాబీ రకం' అని బోర్డు.

"నీ గురించే అనుకుంటున్నాను" అన్నాడు నర్సరీ ఆయన. "నిన్న సాయంత్రం మీ డాక్టరమ్మ వచ్చింది. నీలం మొక్క గులాబీ పూస్తుందా అని అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"పూయదన్నాను. అది వేరు, ఇది వేరన్నాను."

మాలి పక్కనున్న బోర్లించిన కుండీ మీద కూర్చున్నాడు.

"రెండూ ఒకటేనని నీకు తెలుసు కదన్నా."

"నాకు తెలియకేం? ఆ వరసకి పటిక నీళ్ళు పోయిస్తాను, ఈ వరసకి సున్నపు నీళ్ళు పోయిస్తాను. ఎప్పుడూ అంతే. ఆ బోర్డులుండబట్టే కదయ్యా జనం రెండేసి కొనుక్కుపోతున్నారు. ఇవాళ నీ కోసం బోర్డు పీకితే, రేపు కొన్నవాళ్ళంతా వచ్చి నా పీక పట్టుకుంటారు."

"ఆవిడకొక్కదానికే చెప్పు. చాటుగా చెప్పు. నీళ్ళ సంగతి చెప్పు, చాలు."

"పళ్ళ డాక్టరుకి చాటేముంది? రోజుకి పాతికమంది ఆవిడ ముందు నోరు తెరుస్తారు."

"నోరు తెరిచినవాళ్ళు మాట్లాడలేరు కదా."

"మాట్లాడలేరు. వింటారుగా."

కుండీలు నింపుతున్నవాళ్ళు నవ్వారు. మాలికీ నవ్వు రాబోయి ఆగింది. నర్సరీ ఆయన గ్లాసులో సగం టీ ఇంకో గ్లాసులోకి వంచి అతనికిచ్చాడు.

"అడిగినప్పుడు అది నీ మీదికి వస్తుందని నాకు తెలీదు. తెలిసుంటే 'నాకు తెలీదు' అని ఉందును. ఒకసారి చెప్పింది మార్చుకుంటే నా మాటకి విలువుండదు. పనేం లేకపోతే ఇక్కడికి రా. కుండీలు నింపు. రోజు కూలి ఇస్తాను."

మాలి టీ తాగి, గ్లాసు కడిగి బల్ల మీద బోర్లించాడు. గురువారం పొద్దున్నించీ కుండీలు నింపాడు.

*

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య ఇస్త్రీ చేస్తోంది. ఇంటి ముందు రేకు పందిరి, దాని కింద నాలుగు చక్రాల బండి, బండి మీద దుప్పటి పరిచిన బల్ల. పందిరి మూలలో సగానికి కోసిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. అందులో నడుమెత్తు గుత్తిపూల మొక్క. ఎనిమిది గుత్తులు పూసింది. అన్నీ నీలమే.

నాలుగేళ్ళ కింద మాలి డాక్టరమ్మ ఇంట్లో కత్తిరించి చెత్తలో వేసిన పుల్లలవి. అతనికి అన్నం తీసుకొచ్చినప్పుడు భార్య నాలుగు పుల్లలు ఏరుకుని, తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చి గుచ్చింది. వాడేసిన టీపొడి అందులోనే పోస్తుంది. ఇస్త్రీ పెట్టెలోని బొగ్గుల బూడిద మాత్రం అందులో పొయ్యొద్దని మాలి చెప్పాడు. బూడిద పడితే రంగు పోతుంది.

"నాలుగిళ్ళూ పోయినట్టేనా?" అంది భార్య. ఆవిడ చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి పెట్టె నొక్కింది.

"పోయినట్టే."

"ఎదురుగా రుజువు పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నావు." గడ్డంతో డ్రమ్ము వైపు చూపించింది. "ఇది పట్టుకెళ్ళి ఆవిడ ముందు పెట్టు. ఇదీ ఆ మొక్క కొమ్మేనమ్మా, మా ఇంట్లో సిమెంటు లేదు కాబట్టి నీలం పూసింది అని చెప్పు."

"చెప్తే?"

"చెప్తే ఏముంది, తెలుస్తుంది."

"ఏం తెలుస్తుందే? మొక్క వీడింట్లోనే ఉంది అని తెలుస్తుంది."

"పుల్లలు ఏరుకొచ్చింది నేను. అదీ చెత్తలోంచి. చెత్త ఏరుకుంటే దొంగతనమా?"

"పుల్లల్ని ఎవరు చూశారు? ఇప్పుడున్నది చెట్టు."

భార్య చొక్కా మడత పెట్టింది. చేతులు లోపలికి మడిచి, కాలరు పైకి వచ్చేలా తిప్పి, దొంతర మీద పెట్టి అరచేత్తో తట్టింది.

"నువ్వు తియ్యలేదు. దాన్ని దాచుకుని కూర్చుంటే మాత్రం తీసినవాడిలాగే ఉన్నావు" అంది.

 రాత్రి పడుకోబోయే ముందు మాలి డ్రమ్ము మీద గోనెపట్టా కప్పాడు.

*

శుక్రవారం పన్నెండింటికి నర్సరీ నుంచి అన్నానికి వస్తే, పందిరి కింద బండి లేదు. డ్రమ్మూ లేదు. డ్రమ్ము ఉన్నచోట నేల మీద గుండ్రంగా తడి మిగిలింది. ఇస్త్రీ బట్టల దొంతర గడప లోపల పెట్టి ఉంది.

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "మీ ఆవిడ చెట్టుని ఊరేగింపుకి తీసుకెళ్ళింది" అంది. "పెళ్ళికూతురిలా ఉంది, బండి మీద."

మాలి సైకిలెక్కాడు.

డాక్టరమ్మ ఇంటి గేటు తెరిచే ఉంది. బండి లోపల మెట్ల దగ్గర ఆగి ఉంది. వరండా బెంచీ మీద ముగ్గురు పేషెంట్లు. ఒకడు చెంపకి రుమాలు నొక్కుకుని ఉన్నాడు. జడ్జిగారు తన గేటు దాటి వచ్చి నిలబడ్డాడు. డాక్టరమ్మ తెల్లకోటులో డ్రమ్ము ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక గుత్తిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అది కాదమ్మా" అంటోంది మాలి భార్య. "ఇది ఆ మొక్క కాదు. దాని కొమ్మ. కత్తిరించి పారేస్తే నేను..."

"ఇంకేం చెప్పకు. తెచ్చావు. అది చాలు."

"అమ్మా, నేను చెప్పేది ఒక్కసారి..."

"నాకు కోపం లేదు. నిజంగా లేదు." డాక్టరమ్మ చెయ్యి చాచి మాలి భార్య మోచెయ్యి పట్టుకుంది. తల తిప్పి మాలిని చూసింది. "నీకంటే మీ ఆవిడ నయం. ధైర్యంగా తీసుకొచ్చింది."

మాలి సైకిలు దిగి నిలబడ్డాడు.

"తప్పు దిద్దుకున్నవాడికి అన్నం లేకుండా చెయ్యకూడదు" అన్నాడు జడ్జిగారు. "ఆ కంచె సగంలో ఉంది. రేపు రా."

"సోమవారం నుంచి నా దగ్గరికీ రా. ఏం జరగనట్టే రా. ముందు దీన్ని దాని చోట పెట్టు. ఆ గులాబీది పీకెయ్" అంది డాక్టరమ్మ.

ఎవరూ అరవలేదు. అందరూ దయగానే మాట్లాడారు. బెంచీ మీదున్న ముసలాయన ఒకడు, వాచిన నోటితోనే, "మంచిదమ్మా, మంచిది" అన్నాడు.

భార్య మాలి వైపు చూసింది.  మాలి గోడవారనున్న మొక్కని చూశాడు. సోమవారం ఒక గుత్తి ఉండేది. ఇప్పుడు ఏడు విచ్చాయి.

"గునపం కావాలమ్మా" అన్నాడు.

*

కొమ్మలన్నీ దగ్గరికి లాగి తాడుతో కట్టాడు. మొదలు చుట్టూ మూరెడు దూరంలో గీత గీసి, గీత మీద పార దించాడు. మూడు వైపులా మట్టి తేలిగ్గానే లేచింది. పారకి తగిలిన సిమెంటు పెచ్చులు ఏరి తట్టలో వేశాడు. భార్య బండి పట్టుకుని నిలబడింది. పేషెంట్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్తున్నారు.

గోడ వైపు గునపం దిగలేదు. చేత్తో మట్టి తోడాడు. బొటనవేలంత లావు వేరు ఒకటి గోడ కిందికి పోయింది. దాని వెంట తవ్వాడు. మోచెయ్యి దాకా పెట్టినా చివర అందలేదు. పునాది రాయి దగ్గర వేరు నొక్కుకుపోయి, రాయి అంచు దాని మీద పడి, బెరడు ఆ అంచు చుట్టూ పెరిగింది.

మాలి కాసేపు దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఆర్నెల్ల కింద నాటిన మొక్కకి ఇలాంటి వేరు రాదు. చెట్టు గురించి ఏమీ తెలియనివాళ్ళకి కూడా చూస్తే తెలుస్తుంది.

వరండాలో కాంపౌండరు పేర్లు రాసుకుంటున్నాడు. "బాబూ, ఒక్కసారి అమ్మగారిని పిలుస్తావా?" అన్నాడు మాలి.

"దవడ పన్ను తీస్తున్నారు."

"ఒక్క నిమిషం. ఈ వేరు చూసి వెళ్తే చాలు."

"పన్ను సగంలో వదిలేసి వేరు చూడ్డానికి వస్తారా?" అన్నాడు కాంపౌండరు. "వాడి సంగతేం కావాలి?"

మాలి అలాగే కూర్చున్నాడు. వేరు ఎండకి ఆరకుండా తడిమట్టి రాశాడు.

ఒంటిగంటకి డాక్టరమ్మ భర్త స్కూటరు మీద భోజనానికి వచ్చాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో పని. కాలిపోయిన కొట్లూ గుద్దుకున్న బళ్ళూ చూసి, జరిగింది నిజమో కాదో రాసివ్వడం ఆయన ఉద్యోగం. లోపలికి వెళ్ళి, భోంచేసి, చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఇంకా అవ్వలేదా?"

"అయ్యా, ఇది చూడండి."

ఆయన ప్యాంటు పైకి లాక్కుని గుంట అంచున కూర్చున్నాడు. వేరు చూశాడు. గోడ కింద ఎక్కడిదాకా పోయిందో వంగి చూశాడు. రాయి నొక్కిన చోట వేలు పెట్టి తడిమాడు. తట్టలోంచి ఒక పెచ్చు తీసి, గోరుతో గీకి, వేళ్ళ మధ్య నలిపి పొడి చూశాడు. 

"పన్నెండేళ్ళ వేరయ్యా" అన్నాడు మాలి.

"ఉంటుంది."

"అమ్మగారికి ఒక్క మాట చెప్పండి."

ఆయన వరండా వైపు చూశాడు. కిటికీలోంచి డాక్టరమ్మ ఎవరితోనో మాట్లాడి నవ్వడం వినిపించింది.

"నాలుగు రోజుల తర్వాత ఇవాళ అన్నం సరిగ్గా తింది" అన్నాడు. "అమ్మ ఇంటికి వచ్చింది అంటోంది. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పమంటావు? నువ్వు పీకించేసింది మీ అమ్మ మొక్కే అని చెప్పనా?" పెచ్చు మళ్ళీ తట్టలో వేసి చేతులు దులుపుకున్నాడు. "సద్దుమణిగింది. నీ పని నీకు వచ్చింది. త్వరగా పూడ్చు, గుంటలో ఎవరైనా పడతారు."

ఆయన స్కూటరు శబ్దం వీధి మలుపు తిరిగేదాకా మాలి కదల్లేదు. తర్వాత రంపం తీసుకుని వేరు కోశాడు. రంపం పది పన్నెండుసార్లు ఆడింది. కోసినచోట రసం లాంటి నీరు ఊరింది. మొక్క ఒక పక్కకి వాలింది.

భార్యా అతనూ కలిసి వేరుముద్దని గోనెపట్టాలోకి దొర్లించారు. డ్రమ్ములోని మొక్కని గుంటలో దించారు. మాలి మట్టి వేసి, కాలి మడమతో అదిమి, భార్య కొళాయి నుంచి తెచ్చిన నీళ్ళు పోశాడు.

నాలుగింటికి డాక్టరమ్మ కెమెరా తీసుకుని వచ్చింది. పళ్ళ ఫోటోలు తీసే కెమెరా. కొత్త మొక్క ముందు నిలబడి కంటి దగ్గర పెట్టుకుంది.

"నువ్వు కాస్త పక్కకి జరుగు. నీ నీడ పడుతోంది."

మాలి జరిగాడు. ఆవిడ మూడు ఫోటోలు తీసింది. కాంపౌండరుని పిలిచి, మొక్క పక్కన తను నిలబడి ఇంకోటి తీయించుకుంది. వెనక గోడ కనపడాలని చెప్పింది. తారీఖు వెనకాల రాయించమంది.

"ఆ గులాబీది నీదేగా, నువ్వే తీసుకుపో. నా కంట పడనివ్వకు" అంది లోపలికి వెళ్తూ.

*

బండి మీద మొక్క దారంతా ఊగుతూ వచ్చింది.  ఇంటి దగ్గర పందిరి మూలలో మాలి గుంట తవ్వాడు. గులాబీ గుత్తులన్నీ కత్తిరించేశాడు. కొమ్మలు మోకాలెత్తుకి కోసి, నలిగిన వేళ్ళు కత్తెరతో సరిచేసి, మొక్కని లోపల పెట్టాడు. భార్య బకెట్టుతో నీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది.

"నేను తీసుకెళ్ళకుండా ఉండాల్సింది" అంది.

"నువ్వు తీసుకెళ్ళకపోతే పని లేదు."

"తీసుకెళ్తే పేరు లేదు." మగ్గు బకెట్టులో ముంచి అడిగింది. "అక్కడ మట్టి మార్చావా? ఆ పెచ్చులన్నీ ఏరినట్టున్నావు."

"ఏరాను. తట్ట నిండింది."

"ఎక్కడ పారేశావు?"

మాలి మట్టి దగ్గరికి లాగి మొదట్లో వేళ్ళతో నొక్కాడు.

"పారెయ్యలేదు. నువ్వు కొళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నలగ్గొట్టి మళ్ళీ గుంటలోనే పోశాను."

భార్య అతని మొహంలోకి చూసింది.

"అయితే వచ్చే ఏడు అది కూడా గులాబీయే పూస్తుంది."

"పూస్తుంది. ఈసారి గేటు తాళం నా దగ్గర లేదు. మొక్క నాటింది ఆవిడ కళ్ళముందు. ఫోటో ఆవిడ దగ్గరే ఉంది."

"ఏడాది పడుతుంది."

"పడుతుంది."

"అప్పటిదాకా దొంగవే మరి."

మాలి ఆ మాటకి తల ఊపాడు.

"ఆ మగ్గు ఇటివ్వు" అన్నాడు.